సాంపిల్ ఎండ

పదకొండు గంటల వేళ ప్రమీలారాణి మేడ మీద ఆరేసిన చీర ఎగిరి పక్కింటి వాళ్ళ వాటర్ ట్యాంకు మీద పడింది. అందులో వింతేమీ లేదు, ఎండాకాలం చీరలు ఎగురుతూనే ఉంటాయి. కాని చీర తెచ్చుకుని కిందికి దిగి, ముందుగదిలో కుట్టుమిషన్ పక్కనున్న ల్యాప్‌టాప్ వంక చూస్తే, గాలి లేదని ఉంది. ఆ పక్కన గుండ్రటి పసుపు సూర్యుడు. నలభై ఒక్క డిగ్రీలు. వాన సున్నా.

ఆమె ఒకసారి తెరను చూసింది, ఒకసారి చేతిలో చీరను చూసింది. రెండింట్లో ఏదో ఒకటి అబద్ధమాడుతోంది. చీర ఏ చదువూ చదవలేదు కనుక దాని మీద అనుమానపడటానికి మనసొప్పలేదు.

బూర్గంపాడులో వాళ్ళ మేడ మీదికి ఆ వాతావరణ యంత్రం వచ్చి రెండేళ్ళయింది. అడవి గూడేల్లో పనిచేసే ఒక సంస్థ వాళ్ళు ఆ వీధిలో ఇదే ఎత్తయిన మేడ అనీ, ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారనీ చూసి పెట్టారు. కాగితం మీద సంతకం ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే భర్త మార్కుది. ఆ ‘ఎవరో ఒకరు’ మాత్రం ప్రమీలారాణి. పైన గాలికి తిరిగే గిన్నెలు, వాన కొలిచే డబ్బా. కింద ల్యాప్‌టాప్‌లో ఆ సంగతులన్నీ అంకెలుగా, బొమ్మలుగా చూపించే సాఫ్ట్‌వేర్. రోజూ రెండుసార్లు తెర చూసి, పద్నాలుగు కిలోమీటర్లు అడవి లోపలున్న పగిడయ్య గుంపు అనే గూడేనికి ఫోన్ చేసి చెప్పడం ఆమె పని. డిగ్రీలో ఫిజిక్స్ చదివి పంతొమ్మిదేళ్ళు పోపుగింజలు కొలిచాక దొరికిన మొదటి ఉద్యోగం.

చలికాలంలో ఆమె ఫోన్ కోసం అక్కడెవరూ కాచుకుని కూర్చోరు. తునికాకు కాలం వస్తేనే అసలు కథ. ఆ గుంపు మనుషులు తెల్లవారకముందే అడవికి పోయి ఆకు కోస్తారు, యాభై ఆకులకొక కట్ట కడతారు, కల్లంలో వరసలుగా పరుస్తారు. ఆరేడు ఎండలు తగలాలి. ఈలోపు వానకు తడిస్తే ఆకు మచ్చలు పడి నల్లబడుతుంది, బీడీకి పనికిరాదు. పోనీ మబ్బు కనిపించినప్పుడల్లా కుప్ప పోసి పట్టా కప్పుదామా అంటే, సగం ఆరిన ఆకు లోపల్లోపల ఉడికి బూజు పడుతుంది. కప్పినా చేటే, కప్పకున్నా చేటే. ఎప్పుడు కప్పాలన్నదే వాళ్ళ వేసవి మొత్తం. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి, ఎవరూ ఎన్నుకోకుండానే, ప్రమీలారాణి అయిపోయింది.

ఇవాళ కల్లంలో ఇరవై మూడు ఇళ్ళ ఆకు ఉంది. ఐదు ఎండలు తగిలాయి.

ఆమె ల్యాప్‌టాప్ కింద అంటించి ఉన్న నంబరుకు ఫోన్ చేసింది. ఇంట్లో ఆమె ఫోన్‌కు సిగ్నల్ మెట్ల మీద మూడో మెట్టు దగ్గర మాత్రమే నిలబడుతుంది. ల్యాప్‌టాప్ వైరేమో ముందుగది దాటి రాదు. కనుక మూడో మెట్టు మీద నిలబడి, మెడ సాచి తెర చూస్తూ వినడం మొదలుపెట్టింది.

“మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం. మీరు వరసలో నాలుగో వారు,” అంది ఫోన్. తర్వాత సన్నాయి సంగీతం.

“గంత ముఖ్యమైతే ఎత్తొచ్చు గద,” అంది అత్త విశ్రాంతమ్మ. ఆమె గుమ్మం దగ్గర పీట వేసుకుని చింతపండు గింజ తీస్తోంది. “ఎవరింట్లో పెండ్లి అది?”

“పెండ్లి కాదత్తయ్యా. కంపెనీ.”

“కంపెనీకి సన్నాయెందుకే?”

ప్రమీలారాణి మళ్ళీ తెర వైపు మెడ సాచింది. తెర ఈ మధ్య కొంచెం తిక్కగా ఉంటోందని ఆమెకు తెలియకపోలేదు. పోయిన గురువారం మిట్ట మధ్యాహ్నం, మేడ మీద మిరపకాయలు పెళపెళలాడుతుంటే, పన్నెండు మిల్లీమీటర్ల వాన పడిందని చూపించింది. ఏ కోతో వాన డబ్బాలోకి తొంగి చూసి ఏదైనా చేసిందేమో అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే యంత్రానికి పరువు పోతుంది, యంత్రానిది పోతే తనకు మిగిలేదేమీ లేదు. ఆ రోజు నుంచీ చిన్నచిన్న దిద్దుబాట్లు చేస్తూ వచ్చింది. గుంపు తరఫున మాట్లాడే జంపక్కకు ఫోన్ చేయగానే ముందు “అక్కడెట్లున్నది?” అని అడగడం, ఆమె చెప్పింది వినడం, తెర మీద అంకెలు దానికి మరీ అడ్డంగా ఉంటే, కూరలో ఉప్పు సరిచేసినట్టు, కాస్త సరిచేసి చెప్పడం. ఇప్పటిదాకా ఒక్కటీ తప్పలేదు. తప్పలేదు కనుక తప్పు చేస్తున్నట్టు కూడా అనిపించలేదు.

“మీరు వరసలో మూడో వారు.”

అత్త కొంగున కట్టుకున్న బటన్ల ఫోన్ మోగింది. విశ్రాంతమ్మ ఎత్తి, విని, కోడలి వైపు చేయి చాచింది. “జంపక్క. నీ ఫోన్ కలుస్తలేదంట.”

జంపక్క ఆ కల్లానికి పెద్ద. యాభై దాటిన మనిషి. ఏ వరస ఎప్పుడు తిప్పాలో, ఎవరి కట్ట వదులుగా ఉందో ఆమె మాటే చెల్లుతుంది. ప్రమీలారాణి ఒక చెవికి సన్నాయి, ఇంకో చెవికి జంపక్కను పెట్టుకుంది.

“ప్రమీలమ్మా, ఆకు తిప్పేసినం. ఇంకొక్క ఎండ తగిల్తే అయిపోతది. మిషన్ ఏమంటాంది?”

“అక్కడెట్లున్నది జంపక్కా?” అలవాటుగా వచ్చేసింది నోటికి.

“నన్నడిగితే ఏమున్నది! ఉక్కగున్నది. నువ్వు చెప్పు.”

“చూస్తున్న. మిషన్ జర మొరాయిస్తాంది. కంపెనీతోని మాట్లాడుతున్న. పది నిమిషాలు ఆగు.”

“మొరాయించుడేంది?” జంపక్క గొంతు సన్నబడింది. “ఇయ్యాల్నే మొరాయించాల్నా దానికి? జల్దీ చెప్పు తల్లీ. ఆడోళ్ళందరు నా మొకమే చూస్తాండ్రు.”

జంపక్క ఫోన్ పెట్టేసింది. మేడ మీద తలుపు దానంతటదే ఒకసారి కొట్టుకుంది. తెర మీద సూర్యుడు చెక్కుచెదరలేదు.

పంతొమ్మిది నిమిషాలకు సన్నాయి ఆగింది.

“గుడ్ మార్నింగ్ మేడమ్, నేను బెన్నీని మాట్లాడుతున్నాను. మీకు ఏ విధంగా సహాయపడగలను?”

“గాలి మా ఇంట్లోకి వస్తోంది. మీ సాఫ్ట్‌వేర్‌లోకి రావట్లేదు.”

“అర్థమైంది మేడమ్. ఒకసారి సిస్టమ్ రీస్టార్ట్ చేశారా?”

“రెండుసార్లు చేశాను. మీ పాట వింటూ చేసింది అదే.”

“ఓకే మేడమ్. స్క్రీన్ మీద పైన ఎడమ పక్కన పచ్చ లైటు ఉందా?”

“ఉంది.”

“కింద కుడి మూలన ఏం కనిపిస్తోంది?”

“వాగ్దానం.”

“ఏంటి మేడమ్?”

“వాగ్దానమండీ. ఈ సంవత్సరం వాగ్దానం. స్టిక్కర్.”

డిసెంబరు ముప్పై ఒకటి ఆరాధన అయ్యాక పాస్టరు గారు కొత్త సంవత్సరానికి దేవుని వాగ్దానమని ఒక వాక్యం ప్రకటిస్తారు. దాన్ని బంగారు రంగు అక్షరాలతో స్టిక్కర్లు వేయించి ఇంటికి నాలుగు చొప్పున ఇస్తారు. విశ్రాంతమ్మ ఒకటి బీరువాకు, ఒకటి ఫ్రిజ్‌కు, ఒకటి మార్కు బండికి అంటించింది. నాలుగోది ఎక్కడ అంటించాలా అని రెండు రోజులు ఆలోచించి, వానల గురించి మాట్లాడే వస్తువుకంటే దేవుని మాట అవసరమున్నది ఇంట్లో ఇంకేదీ లేదని తేల్చింది. తెరకు కింద కుడి మూలన, బొమ్మలకు అడ్డం రాకుండా, నీటుగా అంటించింది.

“దాని వెనకాల ఏముంది మేడమ్?”

“తెలీదు.”

“ఒకసారి తీసి చూడండి మేడమ్. మా సాఫ్ట్‌వేర్ చెప్పదలచుకున్నవన్నీ అక్కడే చెప్తుంది.”

“ఏం తియ్యమంటాండు?” అంది విశ్రాంతమ్మ, చింతపండు పళ్ళెం పక్కకు జరుపుతూ.

“స్టిక్కరు అత్తయ్యా.”

“డిసెంబరు దాకా ఉండాల్సింది మే నెలల పీకుతవా? ఆ పిలగానిది ఏ సంఘం?”

“పేరు బెన్నీ అంట. మనోడే అయ్యుంటడు.”

ఆ మాటతో విశ్రాంతమ్మ కొంచెం మెత్తబడింది గాని, కోడలిని ముట్టనియ్యలేదు. కొబ్బరినూనె తెచ్చి, వేలి గోరుతో తానే అంచు లేపింది. నిదానంగా, పసిపిల్ల చెవి కమ్మ తీస్తున్నంత నిదానంగా. ప్రమీలారాణికి ఆ రెండు నిమిషాలూ రెండు ఆరాధనలంత పొడుగ్గా అనిపించాయి. బయట ఎక్కడో రేకు ఒకటి లేచి పడింది.

స్టిక్కరు ఊడి వచ్చింది. దాని కింద ఎర్రటి సన్న అక్షరాలు. ప్రమీలారాణి వంగి చదివింది. లైసెన్స్ గడువు ముగిసినది. చూపబడుచున్నది సాంపిల్ డేటా.

మళ్ళీ మూడో మెట్టు దగ్గరికి పరుగెత్తింది. “సాంపిల్ అంటే ఎక్కడి వాతావరణమండీ ఇది?”

“ఎక్కడిదీ కాదు మేడమ్. స్క్రీన్ ఎలా ఉంటుందో చూపించడానికి కంపెనీ వాళ్ళు తయారుచేసింది.”

“అంటే ఈ ఎండ ఎక్కడా లేదా?”

“లేదు మేడమ్.”

“ఎప్పట్నుంచి?”

కీబోర్డు టకటకలు. “పన్నెండో తారీఖు నుంచి మేడమ్. ఇవాళ ఇరవై మూడు.”

పదకొండు రోజులు. రోజుకు రెండు ఫోన్లు. ప్రమీలారాణి మెట్టు మీద కూర్చుండిపోయింది. ఇరవై రెండుసార్లు ఆమె లేని ఎండను చూసి, ఉన్న మనుషులకు ధైర్యం చెప్పింది.

“లైసెన్స్ రెన్యూ చేయాలంటే మీ సంస్థలో మిషన్ల సంగతి చూసే జస్టిన్ గారి మెయిల్ రావాలి మేడమ్. నలభై ఎనిమిది గంటల్లో…”

“నలభై ఎనిమిది గంటలకు ఇక్కడ ఆకు ఉండదు బాబూ. కల్లంలో తునికాకు పరిచి ఉంది. ఇరవై మూడు ఇళ్ళది. గాలి లేస్తోంది.”

బెన్నీ గొంతు మారింది. “మీదెక్కడ మేడమ్?”

“బూర్గంపాడు.”

“మాది తిరుమలాయపాలెం దగ్గర అక్కా. మాకు మిర్చి. కల్లంల ఉన్నప్పుడు మబ్బు పడితే మా నాయన అన్నం ముట్టడు.” కీబోర్డు మళ్ళీ టకటకలాడింది. “వారం రోజుల టెంపరరీ కీ ఒకటి ఉంటది. మా టీమ్ లీడ్ ఒప్పుకోవాలె. లైన్ కట్ చేయకుండ్రి. పది నిమిషాలు.”

మళ్ళీ సన్నాయి.

పది నిమిషాలు ఆగుదామా? కీ వచ్చాక, నిజం అంకెలు చూసి, ఏమీ జరగనట్టు ఫోన్ చేసి చెబితే సరిపోతుంది. ఎవరికీ తెలియదు. ప్రమీలారాణి ఈ ఆలోచనను కొంచెం ముద్దుగానే చూసుకుంది. అంతలో మేడ తలుపు రెండోసారి కొట్టుకుంది. సన్నాయి పాడుతున్న తన ఫోన్‌ను మూడో మెట్టు మీద పెట్టి, అత్త ఫోన్‌తో ప్రమీలారాణి మెట్లెక్కింది.

“జంపక్కా, ఒక మాట చెప్త. తిట్టకు.”

“తిట్టుడు తర్వాత. కప్పాల్నా వద్దా? మంగ్లి పట్టా పట్టుకొని నిలబడ్డది.”

“మిషన్‌ల ఉన్నది మన వాతావరణం కాదు. పదకొండు దినాల సంది కాదు. ఉత్త బొమ్మ.”

“మరి మొన్న శుక్రవారం మబ్బు పడతది గాని చినుకు రాలదంటివి. అచ్చం అట్లనే ఆయె!”

“ఆ పొద్దుగాల ఆ మాట నువ్వే అన్నవు. మబ్బు వస్తది గాని ఏడ్వదు అని.”

“ఏదో ముచ్చటకు అన్న!”

“దాన్నే నేను జర ఇంగ్లీషు కలిపి నీకు చెప్పిన.”

లైన్ తెగిందేమోనని ప్రమీలారాణి ఫోన్ చూసుకుంది. తెగలేదు.

“నా మాట నాకే చెప్పినవా ప్రమీలమ్మా?” అంది జంపక్క చివరికి. అరవలేదు. అరిస్తే బాగుండేది. “మిషన్ చెప్పింది గద అని నేను గుండె మీద చెయ్యేసుకొని పన్న. నా నోటి నుంచి ఉత్తగ జారిన మాట మీద ఇంతమంది ఆకు ఉన్నదని తెలిస్తే పండేదాన్నా?”

“తప్పయింది. అది తర్వాత ఎంతన్న అను. ఇప్పుడు చూసి చెప్పు. ఏమనిపిస్తాంది?”

“ఏమనిపిస్తలే. భయమైతాంది. నిన్నటిదాకా ఊకె అన్న గనుక కుదిరింది. ఇప్పుడు అడిగితే నోట్లకెల్లి మాటే వస్తలేదు.”

ప్రమీలారాణి మేడ మీదికి వచ్చేసింది. ఇక అంకెలు లేవు, ఆమెకు తెలిసినదల్లా కళ్ళ ముందున్నదే. “ఇక్కడ గాలి పడమటి నుంచి లేచింది. పొద్దున చీర ఎగిరి పక్కింటి ట్యాంకు మీద పడ్డది.”

“ఏం చీర?”

“జార్జెట్టు.”

“అది ఊదినా ఎగురుతది. బరువుది ఏమన్న ఆరేసినవా?”

“దుప్పటి ఉన్నది.” వెతికింది. తీగ మీద క్లిప్పులు రెండు ఉన్నాయి, వాటి మధ్య దుప్పటి లేదు. పిట్టగోడకు చుట్టుకుని ఉంది. “ఎగిరింది జంపక్కా. క్లిప్పులు తెంపుకొని ఎగిరింది.”

“ఏటి దిక్కు చూడు. ఇసుక లేస్తాందా?”

గోదావరి ఇసుక మేట మీద గోధుమ రంగు తెర ఒకటి లేచి నిలబడి ఉంది. “లేస్తాంది. అవతలి ఒడ్డు కానొస్తలేదు.”

“పిట్టలు?”

ప్రమీలారాణి తల తిప్పి ఆకాశమంతా చూసింది. “లేవు.”

“కాకి?”

“ఒక్కటి లేదు.”

“కరెంటు తీగ మీద?”

“లేదు జంపక్కా. ఒక్కటంటే ఒక్కటి లేదు.”

“మంగ్లీ!” జంపక్క కేక ఫోన్‌లోంచి వచ్చి చెవిలో గుచ్చుకుంది. “ఎత్తుండ్రి! దుర్గా, ఆ కొస నుంచి! అన్ని ఎత్తుండ్రి!” ఫోన్ ఆగిపోయింది.

కింద సన్నాయి కూడా ఆగింది. “అక్కా, ఉన్నారా? మా లీడ్ ఒప్పుకున్నడు. రాసుకోండి, పదహారు అక్షరాలు.”

మెట్టు మీద ఫోన్, ముందుగదిలో కీబోర్డు. మధ్యలో విశ్రాంతమ్మ నిలబడింది. ప్రమీలారాణి కిందికి దిగి కీబోర్డు ముందు కూర్చుంటే, మెట్టు మీద ఫోన్ చెవికి ఆనించుకుని ఆమె ఒక్కొక్క అక్షరం కేకేసింది. “ఎమ్ అంట! మత్తయి ఎమ్! తర్వాత తొమ్మిది! జే, యేసుప్రభువు జే! ఏమయ్యా, మెల్లగ చెప్పు, నేను పెద్దదాన్ని!” పన్నెండో అక్షరం దగ్గర బెన్నీకి ఆమె తన పూర్తి పేరు, సంఘం, మోకాలి నొప్పి చెప్పేసింది. పదహారోది కొట్టగానే తెర ఒకసారి నల్లబడి వెలిగింది.

సూర్యుడు పోయాడు. ఆ చోట నల్ల మబ్బు. గాలి పడమటి నుంచి, గంటకు నలభై నాలుగు కిలోమీటర్లు. పీడనం గీత మెట్ల మీంచి దొర్లినట్టు కిందికి పడుతోంది. వాన సున్నా. ప్రమీలారాణి చూస్తుండగానే ఆ సున్నా కాస్తా సున్నా పాయింట్ రెండయింది.

“అక్కా, మీ స్టేషన్ డేటా నాకు కనిపిస్తాంది,” అన్నాడు బెన్నీ మురిసిపోతూ. “మీ దగ్గర వాన మొదలైంది.”

“తెలుసు నాయనా,” అంది విశ్రాంతమ్మ. “గుమ్మంలకెల్లి చింతపండు మీదికే వచ్చింది.”

తర్వాతి నలభై నిమిషాలు ప్రమీలారాణి జంపక్క నంబరు ఎన్నిసార్లు కొట్టిందో లెక్క లేదు. అందుబాటులో లేరు. అందుబాటులో లేరు. తెర మీద వాన ఆరు మిల్లీమీటర్లయింది, తొమ్మిదయింది. ఇన్నాళ్ళకు యంత్రం నిజం చెబుతోంది. ఆ నిజం బూర్గంపాడుదే. పద్నాలుగు కిలోమీటర్ల అవతల కట్టలు కుప్పకెక్కాయో లేదో, సగంలో ఉండగానే పడిందో, అది చెప్పే డబ్బా ఏదీ మేడ మీద లేదు.

మోగింది.

“ఎత్తేసినం,” అంది జంపక్క. ఆయాసం. “కొసన రెండు వరసలు ఎత్తుడు కాలే. మిగిలింది కప్పినం.”

“వాన?”

“చుక్క లేదు.”

ప్రమీలారాణి గుమ్మం బయట కురుస్తున్న వాన వంక చూసింది.

“గాలొచ్చి పోయింది. మబ్బు నిలబడ్డది నిలబడ్డట్టే ఉన్నది. పట్టా కింద ఆకు కాగుతాంది, చెయ్యి పెడితే తెలుస్తాంది. ఉత్త పుణ్యానికి ఉరికిచ్చిందని దుర్గ గులుగుతాంది. మిషన్ మంచిగయిందా? విప్పమంటాందా?”

ప్రమీలారాణి తెర వైపు చూసింది. అంకెలు అన్నీ ఉన్నాయి. వాటిలోంచి ఒక మాట అల్లడం ఆమెకు చిటికెలో పని. జంపక్క నమ్ముతుంది కూడా, ఇంత జరిగాక కూడా నమ్ముతుంది. అందుకే భయం వేసింది.

“మంచిగయింది. ఇక్కడ తొమ్మిది మిల్లీమీటర్లు పడ్డది, ఇంక పడతాంది. గాలి మీ దిక్కే పోతాంది. ఆడిదాక వస్తదా రాదా, మిషన్‌కు తెల్వదు. నాకూ తెల్వదు.”

“ఇంగ్లీషు ఏం కలపలే?”

“కలపలే.”

జంపక్క వెనక ఆడవాళ్ళ గొంతులు, కుక్క మొరుగు. “అరగంట ఆగుతం. అరగంటకు ఆకు చావదు. ఆ మీద నేనే విప్పుత, దుర్గ ఏమన్నా సరే. ఫోన్ పెట్టకు. మాట్లాడకున్నా మంచిదే, ఉండు.”

ఇద్దరూ మాట్లాడలేదు. విశ్రాంతమ్మ తడిసిన చింతపండును లోపలికి జరిపి, వచ్చి కోడలి పక్కన మెట్టు మీద ఇరుక్కుని కూర్చుంది. పదిహేను నిమిషాలు. పద్దెనిమిది. ఫోన్‌లో ఎవరో దగ్గారు. ఎవరో ‘ఇంకెంతసేపు’ అన్నారు. ఇరవై నాలుగో నిమిషంలో పట్టా మీద ఒక చప్పుడు, వేలితో తట్టినట్టు. ఇంకొకటి. ఆగింది. తర్వాత పది ఒకేసారి, ఆ తర్వాత లెక్కకు దొరకనన్ని.

“ప్రమీలమ్మా,” జంపక్క వాన మీదుగా అరిచింది, “ఇగ ఫోన్ పెట్టేస్తాన్న! పట్టా లేస్తాంది, పట్టుకునేటందుకు రెండు చేతులు కావాలె!”